పేడపురుగు అనుమతి

మా కాలేజీ ఆవరణలో పేడపురుగును చూడాలంటే దాని అనుమతి తీసుకోవాలి. తొక్కాలంటే అక్కర్లేదు. తొక్కడం పరిశోధన కిందికి రాదు.

ఈ నియమం నా మూలంగానే పుట్టింది కాబట్టి, ఎలా పుట్టిందో చెప్పవలసింది కూడా నేనే.

చిన్నప్పుడు మా ఊరి బడికి పొలం గట్ల మీదుగా నడిచి వెళ్ళేవాళ్ళం. తొలకరి పడ్డాక దారి పొడుగునా పేడపురుగులు కనబడేవి. పేడకడిలోంచి కాస్త తుంచుకుని, గుండ్రంగా ఉండ చేసి, తల నేలకు ఆనించి, వెనక కాళ్ళతో ఆ ఉండను తోసుకుంటూ వెనక్కి నడిచేవి. పోయే దిక్కు వాటికి కనబడదు. అయినా దారం పట్టి గీసినట్టు తిన్నగా పోయేవి. మధ్యలో పుల్ల అడ్డొచ్చి ఉండ పక్కకు దొర్లిపోతే, పురుగు దాని మీదికెక్కి, ఒక చుట్టు తిరిగి, కిందికి దిగి, మళ్ళీ మునుపటి దిక్కునే బయల్దేరేది. మిగతా పిల్లలు బడికి పోయేవాళ్ళు. నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. వెనక్కి నడిచేదానికి దారి ఎలా తెలుస్తుంది? మాస్టారిని అడిగితే, పరీక్షలో రాదులే అన్నారు. ఆయన చెప్పింది నిజమే. ఏ పరీక్షలోనూ రాలేదు.

డిగ్రీ చివరి సంవత్సరంలో ఒక్కొక్కరూ సొంతంగా ఒక ప్రాజెక్టు చెయ్యాలన్నారు. జువాలజీ చెప్పే కాత్యాయని మేడమ్ నన్ను పిలిచి, "ఏం చేస్తావు నీలవేణీ?" అని అడిగారు. చెప్పాను. పేడపురుగు సూర్యుణ్ణి చూసి దిక్కు పట్టుకుంటుందేమోనని నా అనుమానం. ఉండ తోసుకుంటున్న పురుగుకు గొడుగు అడ్డంపెట్టి, అవతలి పక్కనుంచి అద్దంతో ఎండ పడేలా చేస్తే, అది అద్దంలో మెరుపునే సూర్యుడనుకుని దారి మళ్ళుతుందా, లేక తన దారిన తాను పోతుందా? కావలసినవి ఒక గొడుగు, ఒక అద్దం, కాస్త పేడ.

మేడమ్ మొహం విప్పారింది. "సైన్సంటే ఇదేనమ్మా!" అన్నారు. అని, ఆ మాట ఎవరైనా విన్నారేమోనని స్టాఫ్‌రూమ్ అంతా ఒకసారి చూశారు. తర్వాత గొంతు తగ్గించి, "వానలు తగ్గితే పురుగులు నేలలోకి పోతాయి. మళ్ళీ ఏడాదికి గానీ రావు. అప్పటికి నువ్వు ఇక్కడుండవు. తొందరగా చేసెయ్" అన్నారు.

ఆ వారమే పై నుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి కాలేజీలోనూ పరిశోధనా నైతిక సంఘం ఉండవలెననీ, లేని కాలేజీకి తనిఖీ బృందం వచ్చినప్పుడు గ్రేడు తగ్గుననీ దాని సారాంశం. మా ప్రిన్సిపాల్ గారికి గ్రేడు మీద ఉన్న మమకారం సొంత పిల్లల మీద కూడా లేదు. సాయంత్రానికల్లా సంఘం ఏర్పడింది. రాజనీతి శాస్త్రం చెప్పే చయనులు గారిని కన్వీనరుగా వేశారు. పేరులో నీతి ఉన్న సబ్జెక్టు మా కాలేజీలో అదొక్కటే.

చయనులు గారు నిష్ఠ గల మనిషి. సర్క్యులరుతో పాటు వచ్చిన నియమావళిని రాత్రికి రాత్రే చదివారు. అది పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో మనుషుల మీద కొత్త మందులు పరీక్షించేవాళ్ళ కోసం రాసినది. అందులో ప్రతిచోటా 'పాల్గొనేవారు' అని ఉంది. పాల్గొనేవారు మనుషులై ఉండాలని మాత్రం ఎక్కడా లేదు.

"లేనిదాన్ని మనం ఊహించుకోరాదు" అన్నారు చయనులు గారు మొదటి సమావేశంలో. "ఊహించుకోవడం అనైతికం."

సమావేశానికి మేమంతా మా ప్రాజెక్టులు పట్టుకుని వరండాలో నిలబడ్డాం. నా పక్కన ఢిల్లీశ్వరి ఉంది. మా క్లాసులో నాతో మాట్లాడేది తనొక్కతే. నేను జవాబు చెప్పకపోయినా దానికి ఇబ్బంది లేదు.

"ఒసే, నీకా పేడెందుకే? బస్టాండు కాడ జిరాక్స్ షాపులో పులులున్నాయి, ఏనుగులున్నాయి, తాబేళ్ళున్నాయి. ఏది కావాలంటే దాని మీద నీ పేరు కొట్టి, గట్టి అట్టేసి ఇస్తాడు. నేను పులి తీసుకున్నాను. బొమ్మలు కూడా రంగుల్లో ఉన్నాయి" అంది.

ముందు దాన్నే పిలిచారు. తలుపు తీసే ఉండడంతో అంతా వినబడింది.

"నీ అంశం?"

"అడవిలో పులుల ప్రవర్తన సార్."

"పులులను సమీపించావా?"

"లేదు సార్."

"వాటిని వాటి అనుమతి లేకుండా దూరం నుంచి గానీ, చాటు నుంచి గానీ చూశావా?"

"లేదు సార్! టీవీలో కూడా చూడలేదు సార్."

"అడవికి వెళ్ళావా?"

"బస్టాండు దాటలేదు సార్."

చయనులు గారు కళ్ళద్దాలు తీసి, మిగతా సభ్యుల వైపు తిరిగారు. "గమనించారా? ఇంత సమగ్రమైన అధ్యయనంలో ఒక్క పులికి కూడా అసౌకర్యం కలగలేదు. ఆదర్శప్రాయం!" అన్నారు. పులులు ఆమోదం పొందాయి. వాటి వెనకే ఏనుగులూ, తాబేళ్ళూ, అన్నీ వరసగా ఆమోదం పొందాయి. మా క్లాసులో నలుగురివి ఒకే తాబేళ్ళు. అన్నిటికీ ఆమోదం దొరికింది.

చివర నన్ను పిలిచారు.

"పాల్గొనేవారు ఎవరు?"

"పేడపురుగు సార్."

"ఎక్కడుంటారు?"

"మన గ్రౌండులోనే సార్."

గదిలో చిన్న కదలిక వచ్చింది. సంఘం చేతికి నిజంగా ఉన్న ప్రాణి తగలడం అదే మొదటిసారి. చయనులు గారు కుర్చీలో ముందుకు వంగారు.

"సదరు పురుగును సంప్రదించావా?"

"లేదు సార్."

"వారికి చెప్పకుండా, వారు అడగకుండా, వారి శ్రమను నువ్వు కూర్చుని చూడదలచుకున్నావు. అంతేనా?"

నేను తల దించుకున్నాను. ఆ విధంగా చెబితే చాలా తప్పుగానే వినబడింది. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని చూసినవన్నీ గుర్తొచ్చాయి. ఆ సంగతి పైకి చెప్పలేదు.

సంఘంలో సభ్యురాలైన కాత్యాయని మేడమ్ నెమ్మదిగా, "సార్, అది పురుగు. దానికి చెప్పినా తెలీదు" అన్నారు.

"తెలియనివారి హక్కులు కాపాడటానికే కదమ్మా మనం ఉన్నది! తెలిసినవారివి వారే చూసుకుంటారు" అన్నారు చయనులు గారు. నియమావళి తిప్పి ఒకచోట వేలుపెట్టారు. చదవడం రాని పాల్గొనేవారికి, వారికి అర్థమయ్యే భాషలో, సాక్షుల సమక్షంలో, విషయం చదివి వినిపించాలి.

మర్నాడు సంఘం మొత్తం గ్రౌండుకు కదిలింది. గోల్‌పోస్టు దగ్గర ఒక పురుగు ఉండ తోసుకుంటోంది. దాని ముందు కుర్చీలు వేశారు. అది వెనక్కి నడుస్తుంది కాబట్టి దాని ముందు అంటే ఎటో తేల్చడానికి కొంత చర్చ జరిగింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని నియమావళిలో ఉన్న మాటలే చదివాను.

"మీరు ఈ అధ్యయనంలో పాల్గొనడం పూర్తిగా స్వచ్ఛందం. ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా మీరు వైదొలగవచ్చు. వైదొలిగినందువల్ల మీకు అందే వైద్యసేవలకు ఎటువంటి ఆటంకమూ కలగదు."

"ఇంకొంచెం గట్టిగా" అన్నారు చయనులు గారు. "వారి వయసెంతో మనకు తెలియదు."

గట్టిగా చదివాను. క్రికెట్ ఆడుతున్న కుర్రాళ్ళు ఆగి చూశారు. పురుగు ఆగలేదు.

"వెళ్ళిపోతున్నదంటే వద్దన్నట్టే కదండీ?" అన్నారు లైబ్రేరియన్. ఆయన సంఘంలో న్యాయ నిపుణుడు. లైబ్రరీలో లా పుస్తకం ఒకటుంది.

"మనం రాకముందూ వారు అటే వెళ్తున్నారు. కాబట్టి మన ప్రశ్నకు అది జవాబుగా పరిగణించలేం. సదరు పురుగు పనిలో ఉన్నారు, అని రాసుకుందాం" అన్నారు చయనులు గారు. తర్వాత వంగి పరీక్షగా చూశారు. "ఇంతకీ వారు తోస్తున్నదేమిటి?"

"పేడ సార్."

"ఎవరిది?"

ఆ ప్రశ్నతో నా పరిశోధన కొత్త మలుపు తిరిగింది. పేడ అనేది ఒక జంతువు శరీరం నుంచి వెలువడిన నమూనా. నమూనా వాడాలంటే దాన్ని ఇచ్చినవారి అనుమతి కావాలి. ఇచ్చినవారు గేదె. గేదె తరఫున దాని సంరక్షకులు. అందుకని అసిరమ్మకు కబురు వెళ్ళింది.

అసిరమ్మది కాలేజీ గోడ అవతలి వీధి. గోడ పడిపోయినచోటి నుంచి ఆమె గేదె రోజూ లోపలికి వచ్చి గ్రౌండులో మేసి పోతుంది. అటెండరు దాన్ని తరమడం, అసిరమ్మ అతణ్ణి తిట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ రోజు ఆమె చేతిలో తట్టతో, గుమ్మం దగ్గరే గొంతెత్తింది.

"ఏటి బాబూ, నా గేది పేడేసిందనీసి పంచాయితీ ఎట్టినారా? ఆ పాటి దానికి ఇంతమందా? ఇదిగో తట్ట తెచ్చినాను, ఎత్తీసుకుంటాను. జరిమానా గిరిమానా అంటే మాత్రం నేను పడను!"

"కూర్చోండమ్మా" అన్నారు చయనులు గారు.

అసిరమ్మ నేల మీద కూర్చోబోయింది. కుర్చీ చూపించారు. ఆమె కుర్చీని, చయనులు గారిని అనుమానంగా చూసి అంచున కూర్చుంది. టీ వచ్చింది. బిస్కెట్లు వచ్చాయి.

"మీ గేదె యొక్క పేడను ఈ విద్యార్థిని పరిశోధనలో ఉపయోగించదలచినది. ఇందుకు మీ స్వేచ్ఛాపూర్వక సమ్మతి అవసరం."

అసిరమ్మ నా వైపు తిరిగింది. "ఏటంటన్నారే గుంటా?"

"మీ గేదె పేడ వాడుకోవచ్చా అని అడుగుతున్నారు."

"వాడుకోనీ. ఎవులు వద్దన్నారు?" అంది. బిస్కెట్టు టీలో ముంచుతూ ఆగింది. "ఉండు ఉండు. నేను వద్దంటే ఏటవుద్ది?"

"పరిశోధన ఆగిపోతుంది" అన్నారు చయనులు గారు.

"మొత్తమా?"

"మొత్తం."

"ఈ బాబులందరూ ఊరుకోవాల్సిందేనా?"

"అంతే. మీ నిర్ణయమే అంతిమం."

అసిరమ్మ కుర్చీలో వెనక్కి జరిగి, వీపు ఆనించి కూర్చుంది. తట్ట కాలితో కుర్చీ కిందికి తోసింది. రెండో బిస్కెట్టు తీసుకుంది.

"ఆలోసించుకోవాలి బాబూ" అంది.

ఆమె ఆలోచించుకునే లోపల వానలు జోరు తగ్గాయి. నేను రోజూ సాయంత్రం గ్రౌండు చివర నిలబడి, పురుగుల వైపు చూడకుండా ఉండేదాన్ని. చూస్తే నియమోల్లంఘన. కంటికొసకు కనబడినవాటికి నా బాధ్యత లేదని కాత్యాయని మేడమ్ ధైర్యం చెప్పారు.

చివరికి అసిరమ్మ ఒప్పుకుంది. పరిశోధన వల్ల కలిగే ప్రయోజనంలో పాల్గొనేవారికి వాటా ఉండాలని నియమావళిలో ఉంది కాబట్టి, ఆమె గేదెకు గ్రౌండులో మేసే హక్కు ఇచ్చారు. గోడ కట్టించే ఆలోచన విరమించారు. అంతటితో ఆగక, సంఘంలో సామాన్య ప్రజల తరఫున ఒక సభ్యుడు ఉండాలని సర్క్యులరులో ఉన్న సంగతి ప్రిన్సిపాల్ గారికి గుర్తొచ్చింది. అసిరమ్మ సభ్యురాలైంది. చయనులు గారి పక్క కుర్చీ ఆమెది.

సభ్యురాలైతే నా పని తేలికవుతుందనుకున్నాను. తర్వాతి సమావేశంలో గొడుగు సంగతి వచ్చింది.

"పురుక్కి ఎండ తగలకుండా గొడుగు పడతావా?" అంది అసిరమ్మ.

"అవునండీ."

"దానికి ఎండ కావాలో నీడ కావాలో నువ్వడిగినావా?"

"లేదండీ."

"సూసినారా బాబూ? అడగదు!" అని చయనులు గారి వైపు చూసింది. ఆయన మెచ్చుకోలుగా తల పంకించారు. మొన్నటిదాకా అటెండరును తిట్టిన గొంతు అదేనా అని నాకు అనుమానం వచ్చింది. ఇప్పుడు నిదానించి, మాటకూ మాటకూ మధ్య ఎడం ఇచ్చి మాట్లాడుతోంది.

గొడుగువల్ల, అద్దంవల్ల పురుగుకు హాని లేదని ముందు నిరూపించాలన్నారు. ఎలా నిరూపించాలన్నదానికి చయనులు గారే మార్గం చూపించారు. పురుగుల మీద ప్రయోగించే ముందు మనుషుల మీద ప్రయోగించి చూడటం సురక్షితం.

మొదటి సంవత్సరం పిల్లల్ని గ్రౌండులో వరసగా నిలబెట్టారు. చేతులు నేలకానించి, తల కిందికి పెట్టి, వెనక కాళ్ళతో బరువైన తోలు బంతి తోసుకుంటూ వెనక్కి నడవమన్నారు. వ్యాయామం సారు ఈల వేశారు. ఒకరు పక్కన గొడుగు పట్టుకుని పరుగెత్తారు. ఇంకొకరు అద్దంతో కళ్ళల్లోకి ఎండ కొట్టారు.

"ఈ పిల్లల అనుమతి తీసుకున్నామా సార్?" అని కాత్యాయని మేడమ్ అడిగారు.

చయనులు గారు ఆశ్చర్యపోయారు. "విద్యార్థుల అనుమతి దేనికమ్మా? అడ్మిషన్ రోజునే అన్నిటికీ ఒప్పుకుని సంతకం చేశారుగా!"

ఈశ్వరరావు అనే కుర్రాడు బంతితో సహా లాంగ్‌జంపు ఇసుక గోతిలో పడ్డాడు. మణికట్టు బెణికింది.

"ఏమనిపించింది?" అని అడిగారు చయనులు గారు.

"కళ్ళు బైర్లు కమ్మినాయి సార్. ఎటు పోతన్నానో తెలీనేదు సార్."

సంఘం నివేదిక నేనే రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకే ఇచ్చారు. 'పాల్గొన్నవారిలో ఒకరికి ఎటు పోతున్నదీ తెలియని స్థితి కలిగింది. అయితే ఈ లక్షణం వారిలో ముందునుంచే ఉన్నదని క్లాసు టీచరు ధ్రువీకరించారు. మణికట్టు బెణికినది. పురుగులకు మణికట్టు లేనందున ప్రమాదం లేదు.'

గొడుగు గట్టెక్కింది. అద్దం దగ్గర మళ్ళీ ఆగింది.

"అద్దంలో కనబడేది సూర్యుడా?" అన్నారు చయనులు గారు.

"కాదు సార్. కానీ పురుగు సూర్యుడనుకుంటుందేమోనని..."

"అంటే, మోసం."

అసిరమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మో! అబద్దం సూపించీసి దాని సేత నిజం సెప్పిస్తావేటే? సదువుకున్నదానివి కదే! సంగం ఒప్పుకోదు."

ఒప్పుకోదని ఆమె అనగానే మిగతావాళ్ళందరికీ ఒప్పుకోవడం కష్టమైంది. చాలా తర్జనభర్జనల మీద ఒక షరతు పెట్టారు. ప్రయోగం పూర్తయిన వెంటనే పురుగుకు నిజం చెప్పాలి. చూపించినది అద్దమనీ, అసలు సూర్యుడు మరోవైపు ఉన్నాడనీ వివరించి, జరిగిన మోసానికి విచారం వ్యక్తం చెయ్యాలి. ఆ షరతు మీద పరిశోధనకు సూత్రప్రాయంగా ఆమోదం దొరికింది. ఇక మిగిలింది పురుగు అనుమతి.

"ఈ వారంలో దొరికితే చాలు సార్" అన్నాను. నేను సమావేశంలో అడగకుండా మాట్లాడింది అదొక్కసారే. "నేల ఎండిపోతోంది. పురుగులు తగ్గిపోతున్నాయి. ఉన్నవి ఆ గోల్‌పోస్టు దగ్గరే. అవి కూడా పోతే ఇంక చూడలేను."

"తొందరపాటు పరిశోధకుల మొదటి శత్రువు" అన్నారు చయనులు గారు. "అదీగాక తనిఖీ బృందం వచ్చే సోమవారమే వస్తోంది. పురుగు అనుమతి స్వీకార కార్యక్రమం వారి సమక్షంలోనే జరగాలని ప్రిన్సిపాల్ గారి కోరిక. దేశంలో ఏ కాలేజీలోనూ ఇలాంటిది జరిగి ఉండదు."

అది మాత్రం నేను కూడా నమ్మాను.

కాలేజీకి కళ వచ్చింది. గోడలకు సున్నం వేశారు. గోల్‌పోస్టు దగ్గర షామియానా వేసి, పురుగు కోసం తెల్లగుడ్డ పరిచిన చిన్న బల్ల పెట్టారు. 'పాల్గొనేవారికి స్వాగతం' అని బ్యానరు కట్టారు. అసిరమ్మ గేదెకు కొమ్ములకు రంగేశారు. గ్రౌండులోని పేడంతా ఎత్తించి లారీలో పంపేశారు. పేడ లేకపోతే పురుగు దేన్ని తోస్తుందని కాత్యాయని మేడమ్ అడిగితే, అతిథులు వెళ్ళాక మళ్ళీ వేయిద్దాం అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఆదివారం సాయంత్రం మున్సిపాలిటీ బండి వచ్చింది. అతిథులను దోమలు కుట్టకూడదని గ్రౌండంతా మందు కొట్టారు. నేను హాస్టలు కిటికీలోంచి చూశాను. తెల్లటి పొగ గోల్‌పోస్టు దాటి, షామియానా దాటి, నేల మీద నెమ్మదిగా పరుచుకుంది.

సోమవారం పొద్దున్నే వెళ్ళాను. చూడకూడదన్న నియమం గుర్తురాలేదు. పురుగులన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. కాళ్ళు మడుచుకుని, ఎండలో నల్లగా మెరుస్తున్నాయి. ఒకటి తెల్లగుడ్డ బల్ల దాకా వచ్చి, దాని కాలి దగ్గర పడి ఉంది. ఉండ కొంచెం దూరంలో ఉంది. ఎలాగో లారీకి దొరక్కుండా అంత పేడ సంపాదించుకుంది.

చయనులు గారు పట్టు కండువాలో వచ్చారు. చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి వంగి చూశారు. నిజంగానే బాధపడుతున్నారనుకున్నాను. తర్వాత ఆయన కళ్ళల్లో వెలుగు కనబడింది.

"రాసుకో నీలవేణీ. పాల్గొనేవారందరూ అధ్యయనం నుంచి స్వచ్ఛందంగా వైదొలిగారు."

"సార్, చచ్చిపోయాయి సార్."

"వైదొలగడానికి కారణం అడగరాదు. నువ్వే చదివి వినిపించావుగా. అది వారి వ్యక్తిగత విషయం."

"మందు కొట్టినందువల్ల సార్. దానికి సంఘం అనుమతి..."

"పరిశోధనకు కదమ్మా అనుమతి కావాలి? అది పారిశుద్ధ్యం."

అక్కడే నిలబడిన అసిరమ్మ పురుగును కాలి బొటనవేలితో కదిపి చూసింది. ఆమె మొహం ఒక్క క్షణం మునుపటి మొహంలా అయింది. "అయ్యో, పాపం" అంది. అప్పుడే కారు హారను వినబడింది. చీర కొంగు సర్దుకుని స్వాగత వరసలో తన చోట నిలబడింది.

తనిఖీ బృందం పెద్దాయన పొడుగ్గా, దయగా ఉన్నారు. ఖాళీ బల్ల ముందు కూర్చోబెట్టి చయనులు గారు కథంతా చెప్పారు. చదివి వినిపించడం, గేదె వాటా, గొడుగు, అద్దం, విచారం వ్యక్తం చేసే షరతు, చివరికి వైదొలగడం. పెద్దాయన కళ్ళు చెమర్చాయి.

"మేము ఎన్నో సంస్థలు చూశాం. పాల్గొనేవారికి వైదొలిగే హక్కు ఉందని అందరూ కాగితం మీద రాస్తారు. ఆ హక్కును ఇంత సంపూర్ణంగా అమలు చేసిన సంస్థను మొదటిసారి చూస్తున్నాం" అన్నారు.

కాలేజీకి అన్నిటికన్నా పై గ్రేడు వచ్చింది. చయనులు గారిని జిల్లా సంఘానికి తీసుకున్నారు. అసిరమ్మకు శాలువా కప్పారు. మైకు చేతికిస్తే ఆమె, "పురుగైతే ఏటి, పుట్రైతే ఏటి, అడిగే సెయ్యాలి" అని ముగించింది. చప్పట్లు చాలాసేపు కొట్టారు. శాలువా ఆ చలికాలమంతా గేదె మీద కనబడింది.

నా ప్రాజెక్టు ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. మా కాలేజీలో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. నియమావళి ప్రకారం జరగవలసినవన్నీ జరిగాయి. ప్రయోగం ఒక్కటే జరగలేదు.

"ఫలితం రాలేదు సార్" అన్నాను.

"ఫలితానిదేముందమ్మా? అది ఏదో ఒకటి వస్తుంది. విధానం ముఖ్యం" అన్నారు చయనులు గారు, నా భుజం తట్టబోయి, అనుమతి తీసుకోలేదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

పరీక్షలయ్యాక ఢిల్లీశ్వరి పరుగెత్తుకొచ్చింది. "ఒసే, నీకు తెలుసా? జిరాక్స్ షాపులో నీ పేడపురుగు పెట్టాడు! నైతిక సంఘం ముద్రతో సహా. జూనియర్లంతా అదే కావాలంటున్నారు. నా పులినెవరూ అడగట్లేదు" అంది. దాని గొంతులో నిజంగానే అసూయ ఉంది.

మార్కులు వచ్చాయి. జవాబు రాలేదు. మరుసటి తొలకరికి మా ఊళ్ళోనే ఉన్నాను.

వాన వెలిసి ఎండ కాసిన పొద్దున, నాన్న నల్ల గొడుగూ, గడ్డం గీసుకునే అద్దమూ పట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. రెండు పనులకు రెండు చేతులు చాలవని అమ్మను కూడా తీసుకెళ్ళాను. అమ్మ చేతికి అద్దమిచ్చాను.

"పురుక్కి గొడుగు పడతావా? మీ నాన్న అంతంత ఎండలో దుక్కి దున్నితే ఎప్పుడైనా పట్టినావేటే?" అంది అమ్మ.

"కదపకు అమ్మా. కొంచెం పైకెత్తు. ఆ, అలాగే ఉంచు."

పురుగు మా చెరువు గట్టు వైపు తిన్నగా పోతోంది. గొడుగు వంచాను. దాని మీద నీడ పడింది. అవతలి నుంచి అద్దం మెరుపు దాని వీపు మీద పడింది. పురుగు ఆగింది. నేను గొడుగు కదలనివ్వలేదు. పురుగు ఉండ మీదికెక్కి, ఒక చుట్టు తిరిగి, దిగి, పూర్తిగా వెనక్కి మళ్ళి, వచ్చిన దారినే తోసుకుంటూ పోయింది. ఎక్కడా తడబాటు లేదు. అంత నమ్మకంగా తప్పు దారిలో పోయేవాళ్ళను నేను అంతకుముందు మా కాలేజీలోనే చూశాను.

"ఓలమ్మా, ఎనక్కి ఒచ్చీసిందే!" అంది అమ్మ, చిన్నపిల్లలా.

చిన్నప్పుడు అడిగిన ప్రశ్నకు జవాబు అదే. దానికి ముద్ర లేదు, ఆమోదం లేదు. ఎక్కడా చెప్పుకోవడానికి వీల్లేదు. చాలాసేపు చూశాను. గొడుగు ముడిచాను. అమ్మను అద్దం బోర్లించమన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని పురుగుకు దగ్గరగా వంగాను.

"నువ్వు చూసింది సూర్యుడు కాదు. మా నాన్న గడ్డం గీసుకునే అద్దం. అసలు సూర్యుడు అటున్నాడు. మోసం చేసినందుకు ఏమీ అనుకోకు" అన్నాను.

"ఎవులితో మాటాడతన్నావే?" అంది అమ్మ.

"నిజం చెప్పాలమ్మా. షరతు."

పురుగు ఆగింది. ఉండ మీదికెక్కింది. నింపాదిగా ఒక చుట్టు తిరిగింది. దిగి, మునుపటి దిక్కు పట్టుకుని, చెరువు గట్టు వైపు తిన్నగా తోసుకుంటూ పోయింది. తప్పు దారి వదిలిపెట్టడానికి అది ఎవరి అనుమతీ అడగలేదు.